గోరింక పంతులమ్మ, నాలుగు వందల ఇటుకలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక వాగు. వాగు ఒడ్డున ఒక బడి. బడి అనగానే బల్లలూ గంటా ఉంటాయనుకునేరు, అవేం లేవర్రా. ఒక పల్లపు నేల, కూర్చోడానికి ఎండుటాకులు, పంతులమ్మ వాలడానికి ఒక రేగు కొమ్మ. అంతే.

పంతులమ్మ పేరు పలుకులమ్మ. ఆవిడ గోరింక. పసుపు ముక్కు, పసుపు కాళ్ళు, మెడ ఎప్పుడూ నిటారుగా ఉండేది. అడవి దాటితే వచ్చే ఊళ్ళో ఒక బడి ఉంది. ఆ బడి కిటికీ మీద రెండు వానాకాలాలు కూర్చుని ఎక్కాలన్నీ నేర్చేసుకుంది. ఒకటో ఎక్కం దగ్గర మొదలెట్టి ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పేది. అడవిలో ఇంకెవరికీ అంత చదువు లేదు. అందుకని పెద్దలందరూ కలిసి ఆవిడనే పంతులమ్మని చేశారు.

కానీ ఒక చిన్న చిక్కుంది. మీలో మీరే ఉంచుకోండి, ఎవరికీ చెప్పకండి. ఊరి బడిలో పిల్లలు ఎక్కాలు అప్పజెప్పడం అవగానే, గాలికి పలకలు పడిపోతున్నాయని మాస్టారు కిటికీ తలుపు మూసేసేవారు. మూసిన కిటికీ వెనకాల ఆ ఎక్కాలతో వాళ్ళు ఏం చేసేవారో పలుకులమ్మకి తెలీదు. ఎవరినైనా అడుగుదామంటే చిన్నతనం. అలా అడక్కుండానే పంతులమ్మ అయిపోయింది.

ఇంకో సంగతి. ఆవిడని మధ్యలో ఏదీ అడక్కూడదు. "ఆరేడులెంత పంతులమ్మగారూ?" అని అడిగితే, "ఒకటొకట్ల ఒకటి, ఒకటి రెళ్ళు రెండు..." అని మొదట్నుంచి ఎత్తుకునేది. ఆవిడ ఆరేడుల దగ్గరికి వచ్చేసరికి అడిగినవాళ్ళు ఇంటికెళ్ళి అన్నం తిని పడుకునేవాళ్ళు.

బడిలో పిల్లలు చాలామందే ఉన్నారు గానీ, మన కథకి ముగ్గురు చాలు. ఉడుత పిల్ల చురుకమ్మ, దానికి నోరు ఆగదు. అడవిపంది పిల్ల బొద్దులు, వాడికి బురద కనబడితే కాళ్ళు ఆగవు. మూడోవాడు అలుగు పిల్ల పొలుసయ్య. అలుగు తెలుసు కదా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులుంటాయి, భయమేస్తే ముడుచుకుని బంతి అయిపోతుంది. పొలుసయ్యకి రెండో ఎక్కం కూడా నోటికి రాదు. పంతులమ్మ వాడి వైపు చూస్తే చాలు, బంతి అయిపోయేవాడు. చదువంతా ఆ బంతిలోనే గడిచిపోయేది పాపం.

ఒకరోజు ఎలుగుబంటి గుబురయ్య వచ్చాడు. ఆయన అడవికి పెద్ద.

"పలుకులమ్మా, పోయినేడు వాగు పొంగి గట్టుకి గండి కొట్టింది, గుర్తుందా?" అన్నాడు.

"గుర్తు లేకేం పెద్దయ్యా."

"నీళ్ళు నేరుగా బడిలోకి వచ్చాయి. కుందేలు కూన కొట్టుకుపోతుంటే తోక పట్టుకుని లాగాం. కుందేలు తోక ఎంతుంటుందో నీకు తెలుసుగా? మా ప్రాణం పోయినంత పనయింది! ఇంకా తొమ్మిది రోజుల్లో మృగశిర కార్తె. వానలు మొదలవుతాయి. ఈలోపు ఆ గండికి గోడ లేస్తే బడి ఉంటుంది. లేవకపోతే పిల్లలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. బడి మూసేద్దాం."

పలుకులమ్మ గుండె జారిపోయింది. ఆవిడకి సొంత పిల్లలు లేరు. పొద్దున్నే ఈ పిల్లలు గోలగోలగా వస్తేనే ఆవిడకి తెల్లవారినట్టు ఉండేది.

"గుట్ట అవతల పాత ఇటుకల బట్టీ ఉంది. వదిలేసిన ఇటుకలు బోలెడు. మన బరువయ్య మోసుకొస్తాడు. ఎన్ని కావాలో నువ్వు లెక్కేసి చెప్పు. చదువుకున్నదానివి!" అన్నాడు గుబురయ్య.

బరువయ్య అంటే గాడిద. కుర్రతనం అంతా ఆ బట్టీలోనే ఇటుకలు మోశాడు. బట్టీ మూతపడ్డాక అడవికొచ్చి చేరాడు.

లెక్కెయ్యడం ఎలాగో పలుకులమ్మకి తెలిస్తేగా! అయినా మెడ దించలేదు. కళ్ళు మూసుకుని, "ఒకటొకట్ల ఒకటి" అని మొదలెట్టింది. గుబురయ్య ఒక కునుకు తీశాడు. లేచాడు. మళ్ళీ ఇంకో కునుకు తీశాడు. చివరికి పలుకులమ్మ, "ఇరవై ఇరవైలు నాలుగు వందలు!" అని ఆగింది. ఆ తర్వాత ఆవిడకి ఏమీ రాదు. అందుకని గట్టిగా, "నాలుగు వందలు కావాలి పెద్దయ్యా!" అనేసింది.

"అబ్బ! చదువంటే చదువే!" అన్నాడు గుబురయ్య.

బరువయ్య మాత్రం గండి దాకా వెళ్ళి, ఇటు చివర నుంచి అటు చివరికి నడిచి చూశాడు.

"అమ్మగారూ, గండి ఇంతేగా. నాలుగు వందలు ఎందుకో..." అని నసిగాడు.

పలుకులమ్మకి ఒళ్ళు మండింది. "గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన!" అంది.

"గంధం సంగతి తెలీదు గానీ అమ్మగారూ, ఇటుకల సంగతి కొంచెం తెలుసు."

"మోసేవాడివి నువ్వు మొయ్యి. లెక్కలు నేను చూసుకుంటా!"

సరేనని బరువయ్య మోశాడు. కుడి పక్క పది, ఎడమ పక్క పది. రోజుకి ఐదు విడతలు. నాలుగు రోజులు మోశాడు. అయిదో రోజుకి బడిలో ఇటుకలు తప్ప బడి కనబడలేదు. పిల్లలు కూర్చోడానికి చోటు లేక చెట్లెక్కారు. బొద్దులుకి చెట్టెక్కడం రాదు కదా, ఇటుకల మధ్య ఇరుక్కుని అక్కడి నుంచే పాఠం విన్నాడు.

ఇక గోడ మొదలైంది. పలుకులమ్మకి ఏదైనా నీటుగా ఉండాలి. "ఇటుక మీద ఇటుక, సరిగ్గా అంచుకి అంచు! నిలువు గీతలు దారం పట్టినట్టు కనబడాలి!" అని కొమ్మ మీంచి అరిచింది.

"పంతులమ్మగారూ, మధ్యలో అడుసు తొక్కి వేద్దామా?" అని బొద్దులు ఆశగా అడిగాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల! చేతులు మురికి చేసుకుంటే చదువొస్తుందా?" అని కసిరింది.

బొద్దులు మూతి వేలాడేశాడు. సాయంత్రానికి గండి పొడవునా పది దొంతరలు లేచాయి. ఒక్కో దొంతరలో ఎనిమిది ఇటుకలు. అంతకంటే ఎత్తు ఎవరికీ అందలేదు.

"పంతులమ్మగారూ, మరి ఇంత గుట్ట మిగిలిపోయిందేంటి?" అంది చురుకమ్మ.

"అది... అది ముందుజాగ్రత్త," అని పలుకులమ్మ మొహం తిప్పేసుకుంది.

గుబురయ్య చూడ్డానికొచ్చాడు. "భేష్, భేష్," అంటూ గోడ పక్కన నిలబడ్డాడు. ఎలుగుబంటికి గోడో చెట్టో కనబడితే వీపు దురద పెట్టకుండా ఉంటుందా? ఆనుకుని ఒక్కసారి రుద్దుకున్నాడు.

దబ్! మొదటి దొంతర పడింది. అది పక్కదాన్ని తోసింది. దబ్! అది ఇంకోదాన్ని తోసింది. దబ్! పిల్లలకి ఏ చప్పుడైనా వరసగా వినబడితే ఎక్కం చదవడం అలవాటు. పడుతున్న ఒక్కో దొంతరకీ అందరూ గొంతు కలిపి, "ఎనిమిదొకట్ల ఎనిమిది! ఎనిమిది రెళ్ళు పదహారు! ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు!" అని పాడారు. ఆఖరి దొంతర పడేసరికి, "ఎనిమిది పదులు ఎనభై!" అని ముగించి చప్పట్లు కొట్టారు.

పలుకులమ్మకి ఏడుపొక్కటే తక్కువ. గోడలో ఎన్ని ఇటుకలున్నాయో పిల్లలు చక్కగా లెక్కపెట్టేశారని ఆవిడకి తట్టలేదు. పిల్లలకీ తట్టలేదు. దూరంగా గడ్డి నములుతున్న బరువయ్య చెవులు మాత్రం నిక్కపొడుచుకున్నాయి.

"పచ్చి ఇటుకలు తెచ్చాడు ఆ బరువయ్య!" అంది పలుకులమ్మ.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాడు గుబురయ్య వీపు దులుపుకుంటూ. "ఎనభైలో నాలుగే పగిలాయి. అవీ రెండేసి ముక్కలు. అవి పచ్చివెలా అవుతాయమ్మా?"

రెండో గోడా అలాగే కట్టారు. అవే దొంతరలు, అవే దారం పట్టినట్టున్న గీతలు. పగిలిన నాలుగూ పక్కన పడేసి గుట్టలోంచి వేరే నాలుగు తీశారు. ఈసారి పలుకులమ్మ పైన నున్నగా మట్టి పూయించింది. చూడ్డానికి పెళ్ళివారి అరుగులా ఉంది. కట్టడానికి ఒక రోజు, పూతకి ఒక రోజు. పూత ఆరింది. ఒక కప్ప వచ్చింది. ఎంత కప్పనుకున్నారు? మీ పిడికిలంత. అది గోడ మీదకి గెంతి, "బెక్" అంది.

దబ్, దబ్, దబ్... మళ్ళీ "ఎనిమిది పదులు ఎనభై!"

"నేనేం చెయ్యలేదు! ఒట్టు!" అని కప్ప పారిపోయింది.

గుబురయ్య ఈసారి నవ్వలేదు. "ఇక రెండు రోజులే పలుకులమ్మా. పిల్లల తల్లిదండ్రులకి కబురు పెడతాను," అని వెళ్ళిపోయాడు.

పలుకులమ్మ రేగు పొదలోకి దూరి, రెక్కలో తల పెట్టుకుని ఏడ్చింది. బడి పోతోంది. రేపో ఎల్లుండో పొద్దున్నే లేస్తే ఎవరూ రారు. ఎక్కాలన్నీ నోట్లోనే ఉన్నాయి, ఒక్కటీ అక్కరకి రాలేదు. "నాకే ఎందుకిలా?" అనుకుంది.

అప్పుడే ఆటవిడుపు. పొద అవతల నుంచి కేరింతలు వినబడ్డాయి. ముళ్ళ సందులోంచి తొంగి చూసింది. బరువయ్య చుట్టూ పిల్లలందరూ చేరారు. మధ్యలో ఇటుకలున్నాయి.

"ఇవిగో, వరసకి ఐదు. ఇలాంటివి మూడు వరసలు పేర్చండి," అంటున్నాడు బరువయ్య. "పేర్చారా? ఇప్పుడు అన్నీ ఎన్ని?"

చురుకమ్మ ఇటుకల మీద గెంతుతూ లెక్కపెట్టింది. "...పదమూడు, పద్నాలుగు, పదిహేను!" అంది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. తోక నిలబడిపోయింది. "ఉండండి, ఉండండి! మూడైదులు పదిహేను! ఇది మన పంతులమ్మగారి ఎక్కమే! ఓయ్, ఎక్కంలో ఇటుకలున్నాయర్రా!"

అప్పుడు ఒక సన్నటి గొంతు, "ఇటు నుంచి చూస్తే ఐదు మూళ్ళు," అంది.

అందరూ వెనక్కి తిరిగారు. అది పొలుసయ్య! బంతి విప్పుకుని, ఇటుకల అవతలి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. "అటు నుంచి మూడు వరసలు, వరసకి ఐదు. ఇటు నుంచి ఐదు వరసలు, వరసకి మూడు. అయినా పదిహేనే. ఎటు తిరిగినా పదిహేనే!" అని పకపకా నవ్వాడు.

పలుకులమ్మ ముక్కు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. వాడి నవ్వు ఎలా ఉంటుందో ఆవిడ ఇన్నాళ్ళలో ఎప్పుడూ వినలేదు. ముందు కుళ్ళుకుంది. ఆ తర్వాత సిగ్గుపడింది. ఆ రెండింటి వెనకాల, ఎందుకో, సంతోషం కూడా వేసింది. మాస్టారు కిటికీ మూసేశాక లోపల చేసేది ఇదన్నమాట!

"వెళ్ళి అడిగితే?" అనుకుంది. "అమ్మో! గాడిద దగ్గర గోరింక పాఠం చెప్పించుకుందట అని అడవంతా నవ్వదూ?" అని కూడా అనుకుంది. ఒక కాలు ముందుకి వేసింది. వెనక్కి తీసింది. మళ్ళీ వేసింది. ఎల్లుండి పొద్దున్న ఖాళీగా ఉండే బడి కళ్ళముందు కనబడింది. అంతే, ఎగిరొచ్చి పిల్లల మధ్య, పొలుసయ్య పక్కనే, నేల మీద కూర్చుంది. పంతులమ్మ నేల మీద కూర్చోవడం అదే మొదటిసారి.

"బరువయ్యగారూ, నాకూ ఒక ఇటుక ఇవ్వండి," అంది.

బరువయ్య కంగారుపడ్డాడు. "గారెందుకు అమ్మగారూ!"

"ఉండనివ్వండి. నాకు అలవాటవ్వాలి." పలుకులమ్మ పిల్లలకేసి తిరిగి, కిటికీ సంగతి మొత్తం చెప్పేసింది. "ఎక్కాలు నోటికి వచ్చు గానీ, అవి ఎందుకో నాకు తెలీదర్రా. తెలీదని చెప్పడానికి సిగ్గేసింది," అంది.

"ఓహో, అందుకా మధ్యలో అడిగితే మొదట్నుంచి చదువుతారు!" అంది చురుకమ్మ. పలుకులమ్మకి కూడా నవ్వొచ్చింది.

"అయితే అమ్మగారూ, గోడ ఎందుకు పడుతోందో కూడా చూద్దామా?" అన్నాడు బరువయ్య. "పొలుసయ్యా, వెనక్కి తిరుగు నాన్నా."

పొలుసయ్య తిరిగాడు.

"వీడి వీపు చూడండి. ఒక పొలుసు కింద ఇంకో పొలుసు సరిగ్గా వచ్చిందా? లేదు. కింద రెండు పొలుసులు కలిసే అతుకు మీద, పై వరసలో ఒకటి కూర్చుంది. గోడ కూడా అంతే. అతుకు మీద అతుకు పడకూడదు. మనం కట్టినవి గోడలు కావమ్మగారూ. పక్కపక్కన నిలబడ్డ పది దొంతరలు. ఒకదాన్నొకటి పట్టుకోలేదు, ఎలా నిలబడతాయి?"

పిల్లలందరూ పొలుసయ్య వీపు చుట్టూ మూగారు. రెండో ఎక్కం రానివాడి వీపే పాఠమైంది! వాడికి గర్వంతో పొలుసులన్నీ లేచి నిలబడ్డాయి.

"మరి రెండో వరస అతుకు తప్పించాలంటే ఎలా మొదలెట్టాలి?" అని పలుకులమ్మే అడిగింది.

"అర ఇటుకతో," అన్నాడు బరువయ్య. "గుబురయ్యగారి దయ వల్ల మనకి ఎనిమిది అరలున్నాయిగా!"

మొదటి వరసలో పది ఇటుకలు. రెండో వరసలో ముందు అర, తర్వాత తొమ్మిది, చివర ఇంకో అర. మూడో వరస మళ్ళీ పది. ఒకటి విడిచి ఒకటి అలా ఎనిమిది వరసలు.

"మరి ముక్కలొచ్చిన వరసలో ఎన్నున్నట్టు?" అంది పలుకులమ్మ ముక్కు గోక్కుంటూ.

పొలుసయ్య రెండు అర ముక్కలు తెచ్చి కలిపి పెట్టాడు. "అరా అరా కలిస్తే ఒకటి. తొమ్మిదీ ఒకటీ పది."

"అంటే ఇటుక పగిలినా లెక్క పగల్లేదు!" అని అరిచింది చురుకమ్మ.

పలుకులమ్మ వరసల్ని చూసింది. వరసకి పది. ఎనిమిది వరసలు. మొదట్నుంచి చదవలేదు, కళ్ళు మూసుకోలేదు. "ఎనిమిది పదులు ఎనభై!" అంది. అని, నుదుటి మీద రెక్కతో కొట్టుకుంది. "అయ్యయ్యో, ఎనభై చాలేదానికి మీ చేత నాలుగు వందలు మోయించానే బరువయ్యగారూ!"

"పర్లేదమ్మగారూ, నడుం కాస్త సాగింది," అన్నాడు బరువయ్య.

ఇంకో మాట మిగిలింది. పలుకులమ్మ బొద్దులు దగ్గరికెళ్ళి, "నాయనా, ఇటుకల మధ్యన వెయ్యడానికి అడుసు కావాలి. నువ్వు తొక్కినంత బాగా ఈ అడవిలో ఎవరూ తొక్కలేరు," అంది.

బొద్దులు తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. "నిజంగా తొక్కనా? తిట్టరుగా?" అని మూడుసార్లు అడిగాడు. ఆ తర్వాత బంకమట్టిలోకి దూకాడు చూడండీ, రెండు రోజులు బయటికి రాలేదు. వాళ్ళమ్మ వచ్చి ఏది మట్టో ఏది కొడుకో పోల్చుకోలేకపోయింది.

గోడ లేచింది. వాగు వైపు రాళ్ళూ బంకమట్టీ పోసి గట్టిగా తొక్కారు. సరిగ్గా కార్తె మొదలైన పొద్దున, కుండపోతగా వాన. వాగు ఉరుకులు పెడుతూ వచ్చింది. నీళ్ళు మూడో వరసకి వచ్చాయి. నాలుగో వరసకి వచ్చాయి. అయిదో వరస దగ్గర ఆగాయి. ఇవతల ఎండుటాకు కూడా తడవలేదు, వాన చుక్కలకి తప్ప.

గుబురయ్య వచ్చాడు. గోడని చూశాడు. "వద్దు పెద్దయ్యా!" అని బొద్దులు కళ్ళు మూసుకున్నాడు. గుబురయ్య మాట విన్నాడా? వీపు ఆనించి రుద్దాడు. ఇంకా గట్టిగా రుద్దాడు. గోడ కదల్లేదు. రోజూ అందని చోట దురద కూడా తీరిపోయింది.

"భలే గోడ!" అన్నాడు. "ఎన్ని ఇటుకలు పట్టాయమ్మా?"

పలుకులమ్మ ముక్కు తెరిచింది. గుబురయ్య అలవాటు కొద్దీ కునుకు తియ్యడానికి కళ్ళు మూసుకోబోయాడు.

"ఎనభై పెద్దయ్యా," అందావిడ వెంటనే. "నేను చెప్పిన నాలుగు వందలు తప్పు. లెక్క తెలియక చెప్పాను. బరువయ్యగారు నేర్పారు."

మూసుకోబోయిన గుబురయ్య కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. "నీ నోటి నుంచి ఇంత చిన్న జవాబు ఎప్పుడూ వినలేదు," అన్నాడు. "ఇంత మంచిదీ వినలేదు. బడి ఉంటుంది. మరి మిగిలిన గుట్ట సంగతేంటి?"

"నాలుగు వందల్లో ఎనభై పోతే మూడు వందల ఇరవై," అన్నాడు పొలుసయ్య, బంతి కాకుండానే. "అంటే ఇలాంటి గోడలు ఇంకో నాలుగు కట్టొచ్చు."

"నాలుగు గోడలంటే..." అంది చురుకమ్మ.

"గది!" అని అరిచారు పిల్లలందరూ. "బడికి గది!"

"మరి నాలుగు వైపులా గోడలుంటే లోపలికెలా వెళ్ళాలి?" అన్నాడు బొద్దులు.

ఒక్క క్షణం అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. తర్వాత అడవి దద్దరిల్లేలా నవ్వారు.

"అదే రేపటి పాఠం," అంది పలుకులమ్మ. "వాకిలికి ఎన్ని ఇటుకలు తీసెయ్యాలో బరువయ్యగారూ నేనూ కలిసి చెబుతాం."

గది లేచింది. దానికి ఒక వాకిలి, ఒక కిటికీ. వాకిలికి తడిక కట్టారు. "కిటికీకి కూడా ఒకటి కట్టనా అమ్మగారూ, జల్లు కొడుతుందేమో?" అని బరువయ్య అడిగాడు.

"వద్దండీ," అంది పలుకులమ్మ. "జల్లు కొడితే కొట్టనివ్వండి. రేపు ఏ పిట్టయినా వచ్చి ఆ కిటికీ మీద కూర్చుంటే, దానికి పాఠం మొత్తం వినబడాలి."

నీతి: నోటికొచ్చిన చదువు చేతికొస్తేనే మనదవుతుంది. తెలియదని ఒప్పుకుని అడిగినవారికే అది చేతికొస్తుంది.